మూఢమిలో ముహూర్తం: పాత బోర్డుకే కొత్త కార్డు

అక్టోబర్ 5, 2025, ఆదివారం

దసరా హడావిడి అయిపోయింది, కార్తీకం రావడానికి ఇంకా రెండు వారాల పైనే ఉంది, ఈ గ్యాప్‌లో అయినా ఎడిటింగ్ సిస్టమ్ సంగతి తేల్చకపోతే ఈ సీజన్ కూడా పోయిన సీజన్ లాగే నిద్ర లేకుండా పోతుందని ఇవాళ నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నా. మాది తణుకు, పెళ్ళి వీడియోలు మా పని, షూటింగ్‌కి కుర్రాళ్ళు ఉన్నారు గానీ ఎడిటింగ్ మాత్రం నాదే. సిస్టమ్ 2020లో కట్టింది. ప్రాసెసర్ రైజెన్ 5 3600, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1660 సూపర్, కరెంటు అందించే 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ఫుల్ హెచ్‌డీ రోజుల్లో ఇది బంగారం. నిరుడు సోనీ ఏ7 ఫోర్ కెమెరా కొన్న దగ్గర్నుంచే కష్టాలు మొదలయ్యాయి.

ఆ కెమెరా 4కేలో సెకనుకి 50 ఫ్రేములు, 10 బిట్, 4:2:2 (రంగు ఎంత వివరంగా రాస్తుందో చెప్పే అంకెలు), హెచ్.265 అనే కుదింపు ఫార్మాట్‌లో సెకనుకి 200 మెగాబిట్ల చొప్పున రాస్తుంది, అంటే గంట ఫుటేజీకి 90 జీబీ. సైజు సంగతి పక్కన పెట్టండి, డిస్కు కొనుక్కోవచ్చు. అసలు గొడవ ఆ 4:2:2 తోనే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వ్‌లో టైమ్‌లైన్ మీద పెట్టి స్పేస్ బార్ కొడితే ఇవాళ చూసిన లెక్క సెకనుకి 9 నుంచి 11 ఫ్రేములు. తలంబ్రాల సీన్‌లో బియ్యం గింజలు గాల్లో ఆగి ఆగి పడుతున్నాయి. సౌండ్ మాత్రం ఆగదు, దాని దారిన అది పోతుంది, సన్నాయి ఒక చోట, ఊదేవాడి బుగ్గలు ఇంకో చోట.

టాస్క్ మేనేజర్ తెరిచి చూసా. ప్రాసెసర్ 100 శాతం. గ్రాఫిక్స్ కార్డులో వీడియో డీకోడ్, అంటే కుదించిన వీడియోని విప్పడం, అని చిన్న గ్రాఫ్ ఉంటుంది, అది సున్నా. గీత కూడా కదలట్లేదు. కార్డు కూర్చుని తమాషా చూస్తోంది, పనంతా పాపం 3600 ఒక్కటే మోస్తోంది.

అక్టోబర్ 12, ఆదివారం

వారమంతా ఖాళీ దొరికినప్పుడల్లా దీని మీదే చదివా. మామూలుగా కొత్త ప్రాసెసరో కార్డో రాగానే అందరూ చూసేది గేముల ఫ్రేముల లెక్కలు. జనవరిలో లాస్ వేగాస్ సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ షోలో, గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్‌వీడియా అధినేత జెన్సెన్ హువాంగ్ స్టేజి మీద 549 డాలర్ల కొత్త 5070 కార్డులో పాత 4090 కార్డు పెర్ఫార్మెన్స్ అన్నాడు, ఆ మాట ఏఐ మధ్యలో పుట్టించే ఫ్రేములని కూడా కలుపుకుని చెప్పింది. గేమ్ ఆడేవాళ్ళకి అది పనికొస్తుందేమో, నేను పెళ్ళికూతురి మొహం మీద పుట్టించిన ఫ్రేములు పెట్టి ఏం చేసుకోను?

నాకు కావలసినది స్పెక్ షీట్‌లో ఎక్కడో అడుగున ఉండే ఒక్క ముక్క. ముందు ఈ అంకెల సంగతి. ఫోన్లలో, యూట్యూబ్‌లో మామూలుగా ఉండేది 4:2:0, అందులో వెలుతురు ప్రతి పిక్సెల్‌కీ రాస్తారు గానీ రంగు మాత్రం నాలుగు పిక్సెల్స్‌కి కలిపి ఒకటే. 4:2:2లో రెండు పిక్సెల్స్‌కి ఒకటి. 10 బిట్ అంటే ఒక్కో రంగుకి 1024 మెట్లు, 8 బిట్‌లో అవి 256. ఎర్ర పట్టుచీర మీద జరీ అంచు, దాని పక్కనే పసుపు రాసిన చెయ్యి, పైన మండపం వాడు పెట్టిన ఊదా రంగు లైటు. ఇలాంటి చోట కలర్ సరిచేస్తున్నప్పుడు తేడా తెలుస్తుంది, 8 బిట్ 4:2:0 ఫుటేజీని కాస్త లాగితే చాలు చీర అంచు ముద్దలా అయిపోద్ది.

ఇప్పుడు ఆశ్చర్యం ఏంటంటే ఎన్‌వీడియా కార్డుల్లో ఉండే డీకోడర్ హెచ్.265లో 4:2:0 చదువుతుంది, అంతకన్నా పెద్దదైన 4:4:4 కూడా చదువుతుంది, మధ్యలో ఉన్న 4:2:2 మాత్రం చదవదు! నా 1660 సంగతి సరే, 2022లో వచ్చిన 4090 కూడా చదవదు. లక్షన్నర పైన పోసి కొన్న కార్డు చెయ్యలేని పనిని ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి ప్రాసెసర్లో ఊరికే వచ్చే ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ చేసేస్తుంది. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ కొంటే మళ్ళీ ఆ గ్రాఫిక్స్ ఉండదు, వెయ్యో రెండు వేలో తక్కువని ఆ ఎఫ్ తీసుకుని ఇరుక్కున్న ఎడిటర్లు మా లైన్‌లో చాలామందే ఉన్నారు. ఎన్‌వీడియా ఈ లోటు పూడ్చింది ఈ ఏడాది వచ్చిన 50 సిరీస్‌లోనే. పోటీ కంపెనీ ఏఎండీ అయితే కొత్త 9000 సిరీస్ కార్డుల్లో కూడా పెట్టలేదు.

అంటే ఇన్నాళ్ళూ నేను చూసిన రివ్యూల్లో తొంభై పాళ్ళు నాకు సంబంధం లేనివి.

అక్టోబర్ 19, ఆదివారం

రేపు దీపావళి. మేనల్లుడు భీమవరం నుంచి వచ్చాడు, బీటెక్ రెండో సంవత్సరం. వాడికి ఈ పార్టుల పేర్లు వావివరసల్లా కంఠతా.

"మావయ్యా, నువ్వు ఇంకేం ఆలోచించకు, 9800ఎక్స్3డీ వేసేయ్, దానికి 9070 ఎక్స్‌టీ. ఇంక పదేళ్ళు చూసుకోనక్కర్లేదు."

"ఒరేయ్, నేను గేములు ఆడతానా?"

"ఆడవు. కానీ నేను వచ్చినప్పుడు ఆడుకుంటా కదా."

వాడు అబద్ధం ఆడడు, అదొక్కటీ మెచ్చుకోవాలి. 9800ఎక్స్3డీ ఏఎండీ ప్రాసెసర్, పోయిన నవంబర్‌లో వచ్చింది, 8 కోర్లు, 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన చిన్న మెమరీ), అందులో 64 ఎంబీ విడిగా చేసి కోర్ల కింద అతికించారు. అంతకు ముందు తరంలో అది కోర్ల పైన ఉండేది, వేడి బయటికి పోవడానికి అడ్డం. కిందికి మార్చాక క్లాక్, అంటే పని వేగం, పెంచుకోవడానికి వీలైంది. గొప్ప పనే, కాదనను. అయితే ఆ క్యాష్ గేముల్లో పనికొచ్చినట్టు వీడియో ఎడిటింగ్‌లో పనికిరాదు, 9070 ఎక్స్‌టీ ఏఎండీ కార్డే, దానికి 4:2:2 రాదు. రెండూ కొట్టేసా. వాడు మొహం మాడ్చుకుని మతాబులు కొనడానికి పోయాడు.

నేను రాసుకున్న ప్లాన్: ఇంటెల్ కోర్ అల్ట్రా 7 265కే ప్రాసెసర్. 20 కోర్లు, 8 పెద్దవి 12 చిన్నవి, హైపర్ థ్రెడింగ్ (ఒక్క కోర్‌తో ఒకేసారి రెండు పనులు చేయించడం) తీసేసారు. నిరుడు అక్టోబర్‌లో వచ్చినప్పుడు గేములకి పాత 14వ జనరేషన్ కన్నా వెనకబడిందని అందరూ తిట్టారు, అందుకేనేమో ఇప్పుడు రేటు దిగింది. నాకు అదే కలిసొచ్చింది. దాని ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ 4:2:2 చూసుకుంటుంది, ఇప్పటి 1660 సూపర్ మిగతా ఎఫెక్టులు చూసుకుంటుంది, కార్డు తర్వాత కొందాం. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ కొత్తది కాబట్టి కొత్త బోర్డు, డీడీఆర్5 ర్యామ్. 32 జీబీ కిట్ 9,800 అని రాసుకున్నా. కార్తీకం డబ్బులు రాగానే కొనడం.

అక్టోబర్ 29, బుధవారం

మొంథా తుపాను రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. కరెంటు లేదు. నిన్న మధ్యాహ్నమే సిస్టమ్ ప్లగ్గులన్నీ పీకేసి హార్డ్ డిస్కులు మేడ మీద బీరువాలో పెట్టా. ఈ వారం ఉన్న పెళ్ళివాళ్ళు ఫోన్ చేసి ముహూర్తం మారదు, మండపమే కల్యాణ మండపంలోకి మారుద్ది అన్నారు. చేలు చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోతోంది, కోతకొచ్చిన వరి పడుకుండిపోయింది. ప్రాజెక్టు సంగతి ఇవాళ ఏం లేదు.

నవంబర్ 23, ఆదివారం

నెలంతా పరుగే. నాలుగు పెళ్ళిళ్ళు, రెండు గృహప్రవేశాలు, అన్నీ ప్రాక్సీలు, అంటే ఫుటేజీకి తేలికపాటి నకళ్ళు, చేసుకునే లాక్కొచ్చా. ఇంక 26 నుంచి మూఢమి, ఫిబ్రవరి దాకా ముహూర్తాలు లేవు, అంటే సిస్టమ్ విప్పడానికి ఇదే ముహూర్తం.

డబ్బు చేతిలో పెట్టుకుని రేట్లు అడిగా. విజయవాడలో ఒక షాపు, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో తెలిసినాయన. ఇద్దరూ ప్రాసెసర్ రేటు, బోర్డు రేటు మామూలుగానే చెప్పారు, ర్యామ్ దగ్గరికి వచ్చేసరికి విజయవాడ ఆయన "సార్, ఇది ఇవాళ్టి రేటండి, రేపటికి నేను చెప్పలేను" అన్నాడు. అదే 32 జీబీ కిట్, నేను 9,800 రాసుకున్నది, 27,000. తప్పు విన్నానేమో అని మళ్ళీ అడిగా. బంగారం కొట్టు వాడు కూడా ఇంత దర్జాగా చెప్పడు.

సంగతేంటంటే ప్రపంచంలో ర్యామ్ చిప్పులు చాలా మటుకు శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ ముగ్గురే చేస్తారు. ఏఐ డేటా సెంటర్లకి కావలసిన హెచ్‌బీఎం అనే వేగమైన మెమరీలో లాభం ఎక్కువ, అదే జీబీ తయారీకి సిలికాన్ కూడా ఎక్కువ మింగుతుంది, కాబట్టి ఫ్యాక్టరీలు అటు తిరిగిపోయాయి, మనలాంటోళ్ళకి మిగిలింది అడుగూ బొడుగూ. ఎక్కడో ఎవడో చాట్‌బాట్‌ని కవిత రాయమంటే తణుకులో నా ర్యామ్ కిట్టు రేటు దాదాపు మూడింతలైంది.

రాత్రి అన్నం తింటూ కూడా ఇదే ఆలోచన. మా ఆవిడ "ఆ పాతదానికే ఏదో ఒకటి తగిలించరాదూ" అంది. ఆవిడ ఏదో మాటవరసకి అంది. నేను ప్లేట్ అలాగే వదిలేసి నోట్‌బుక్ దగ్గరికెళ్ళా.

నవంబర్ 24, సోమవారం

కొత్త ప్లాన్. బోర్డు మార్చం, ర్యామ్ జోలికి పోం. నా బోర్డుకున్న ఏఎం4 సాకెట్‌లో ఉన్న సుఖం ఇదే, 2018 నాటి బీ450 బోర్డు మీద 2022లో వచ్చిన 5700ఎక్స్ ప్రాసెసర్ కూర్చుంటుంది, 8 కోర్లు, అదే 65 వాట్లు. బోర్డుని మొదట లేపే ప్రోగ్రాం, బయోస్, మారిస్తే చాలు. 4:2:2 చదవడానికి కార్డు.

కార్డుల్లో రెండు మిగిలాయి. ఇంటెల్ ఆర్క్ బీ580, 12 జీబీ, దానికి 4:2:2 వస్తుంది, రేటు కూడా తక్కువ, కానీ దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, డ్రైవర్, ప్రాసెసర్ మీద బాగా బరువు వేస్తుంది, పాత ప్రాసెసర్లతో చతికిలబడుతోందని రాగానే బయటపడింది. పైగా నేను వాడే నాయిస్ తీసే ప్లగిన్ ఇన్నేళ్ళుగా ఎన్‌వీడియా మీదే నడుస్తోంది, దాన్ని కదిపే ధైర్యం లేదు. రెండోది ఎన్‌వీడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ. ఏప్రిల్‌లో వచ్చింది, 180 వాట్లు, ఇందులో 8 జీబీ ఒకటి, 16 జీబీ ఒకటి, రెండిటి పేరూ ఒకటే. 4కే టైమ్‌లైన్ మీద నాయిస్ తీయడం పెడితే 8 జీబీ ఇట్టే నిండిపోద్ది, మనకి 16 కావాలి.

ఒక అనుమానం ఉండేది, ఈ కార్డు బోర్డుతో మాట్లాడే దారి పీసీఐఈ 5.0లో 8 లేన్లే వాడుతుంది, నా బోర్డు 3.0, అంటే దారి వెడల్పు నాలుగో వంతుకి పడిపోతుంది. లెక్క వేసుకున్నా. సెకనుకి దాదాపు 8 జీబీ దారి ఇంకా ఉంది. నా క్లిప్పు సెకనుకి 25 ఎంబీ. డీకోడ్ అయిన బొమ్మ కార్డులోనే ఉండిపోతుంది కాబట్టి నా పనికి ఏం అడ్డం లేదు.

నవంబర్ 30, ఆదివారం

కార్డు కొనడం దగ్గర చిన్న గొడవ. షాపు వాడు కొటేషన్‌లో 5060 టీఐ అని మాత్రమే రాసి పంపాడు, రేటు చూస్తే 39,000. చవగ్గా ఉందే అని మురిసిపోయి, ఎందుకో మనసు పీకి బాక్స్ ఫోటో పెట్టమన్నా. 8 జీబీ! అడిగితే "రెండూ ఒకటే సార్, స్పీడ్ తేడా ఏం ఉండదు" అంటాడు. పేరొకటే, కడుపు వేరు. బిల్లు మీద 16 జీబీ అని రాస్తేనే డబ్బు వేస్తానన్నా, 47,500 పడింది జీఎస్‌టీతో కలిపి. పవర్‌కి ఒక్క 8 పిన్ కేబుల్ చాలే మోడల్ చూసి తీసుకున్నా. 5700ఎక్స్ 13,200, దాంతో పాటు కూలర్ రాదు కాబట్టి టవర్ కూలర్ 1,900, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ 5,200. మొత్తం 67,800. పక్క వీధి ఫోటో ల్యాబ్ ఆయన దగ్గర పాత డీడీఆర్4 రెండు 8 జీబీ ముక్కలు ఊరికే పడి ఉంటే అడిగి తెచ్చుకున్నా.

డిసెంబర్ 4, గురువారం

పొద్దున్నే వార్త, మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్‌ని మామూలు కస్టమర్లకి అమ్మడం ఆపేస్తోందట, ఫిబ్రవరి దాకా సరుకు పంపి ఇంక మూత. మా లైన్‌లో ర్యామ్ అన్నా ఎస్ఎస్‌డీ అన్నా మొదట నోటికొచ్చే పేరు అది. పాత ర్యామ్ ముక్కలని తుడిచి ఇంకాస్త జాగ్రత్తగా పెట్టా.

ఇవాళ బయోస్. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ కొట్టి ఫైల్ వేసా. మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చినట్టే, అందుకని సిస్టమ్, మానిటర్ రెండూ యూపీఎస్ మీద పెట్టి, కరెంటాఫీసులో తెలిసిన లైన్‌మ్యాన్‌కి ఫోన్ చేసి "ఈ అరగంట ఏం పని పెట్టుకోలేదు కదండీ" అని అడిగి మరీ మొదలెట్టా. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఆ నాలుగు నిమిషాలూ మానిటర్ వంక చూస్తూ ఊపిరి బిగబట్టి కూర్చున్నా.

తర్వాత క్యాబినెట్ తెరిచా. లోపల దూది పరుపు. అడుగున హార్డ్ డిస్క్ అరల వెనకాల రెండు బల్లి గుడ్లు, ఒకటి అప్పటికే పగిలిన పెంకు. ఐదేళ్ళుగా వెచ్చగా మా సిస్టమ్‌లోనే సంసారం పెట్టింది. గుడ్డు తీసి కిటికీ అవతల పెట్టి, బ్లోయర్‌తో ఊది, కూలర్ స్క్రూలు నాలుగూ విప్పా.

ఇక్కడ తెలిసి తెలిసి తప్పు చేసా. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, 1331, పైన పేస్టు ఎండిపోతే గట్టిగా పట్టేస్తుంది, కాబట్టి తీసే ముందు సిస్టమ్ కాసేపు నడిపి వేడెక్కించి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి. నేను క్లీనింగ్‌లో పడి గంటన్నర చల్లారబెట్టేసా. పైకి లాగగానే టక్‌మని శబ్దం. లివర్ వేసి ఉండగానే సాకెట్‌లోంచి ప్రాసెసర్ ఊడి కూలర్‌కి అంటుకుని వచ్చేసింది, పన్ను పీకినట్టు. తిప్పి చూస్తే ఒక మూల మూడు పిన్నులు పక్కకి వాలిపోయాయి. అది పోయేదే గానీ, దాన్ని మేనల్లుడికి ఇస్తానని మాటిచ్చా. సాకెట్‌లో టార్చ్ వేసి చూసా, ఏం విరగలేదు. కొత్త ఏఎం5లో పిన్నులు బోర్డు వైపుకి మార్చేసారు, ఈ బాధ లేదు, వేరే బాధ ఉంటుంది.

5700ఎక్స్‌ని బంగారు త్రికోణం గుర్తు చూసి పెడితే దాని బరువుకే దిగి కూర్చుంది. ఆన్ చేయగానే నల్ల తెర మీద కొత్త ప్రాసెసర్ వచ్చింది, టీపీఎంలో (రహస్య తాళాలు దాచే చోటు) ఉన్న పాత తాళాలు చెరిపేయాలా, వై నొక్కుతావా ఎన్ నొక్కుతావా అని ప్రశ్న. డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్నవాళ్ళు ఇక్కడ రికవరీ కీ లేకుండా వై కొట్టారంటే డ్రైవ్ తెరుచుకోదు, చాలామంది ఏడ్చేది ఇక్కడే. నేను ముందే చూసుకున్నా, ఆఫ్. వై కొట్టా. నాలుగు ర్యామ్ ముక్కలూ 3200 స్పీడుకి ఒప్పుకోలేదు, రెండుసార్లు బూట్ కాకుండా తిరిగింది, 2933కి దించితే సర్దుకున్నాయి. వేర్వేరు ఇళ్ళ నుంచి వచ్చినవి కదా.

టైమ్‌లైన్ టెస్ట్: 19 ఫ్రేములు. 11 నుంచి 19. పదమూడు వేలకి.

డిసెంబర్ 6, శనివారం

ఎస్‌ఎంపీఎస్ మార్చా, కార్డు పెట్టా. హార్డ్ డిస్క్ అర అడ్డం వచ్చింది, స్క్రూలు విప్పి తీసేసా. డ్రైవర్ వేసా, డావిన్సీ రిజాల్వ్ తెరిచి అదే తలంబ్రాల క్లిప్ పెట్టి స్పేస్ బార్ కొట్టా.

19.

టాస్క్ మేనేజర్‌లో వీడియో డీకోడ్ సున్నా. కుర్చీలో వెనక్కి వాలిపోయా, 47,500 కళ్ళ ముందు తిరిగింది. షాపు వాడు, మేనల్లుడు, వెళ్ళిపోయిన బల్లి, అందరి మీదా కోపం వచ్చింది. సెట్టింగ్స్‌లో డీకోడ్ ఆప్షన్స్ చూస్తే ఎన్‌వీడియాకి టిక్ ఉంది. అరగంట తిప్పలు పడ్డాక బుర్ర వెలిగింది, నా రిజాల్వ్ ఇంకా 19వ వెర్షన్! సీజన్ మధ్యలో అప్‌డేట్ చేస్తే ఏమవుతుందో అని ఆర్నెల్లుగా వాయిదా వేస్తూ వచ్చా, అది తయారైనప్పటికి ఈ కార్డే లేదు. 50 సిరీస్ 4:2:2 కోసం 20వ వెర్షన్ కావాలి. స్టూడియో లైసెన్స్ 295 డాలర్లు పెట్టి ఎప్పుడో కొన్నా కాబట్టి అప్‌డేట్‌కి పైసా లేదు. కాకపోతే ప్రాజెక్ట్ లైబ్రరీ ఒకసారి 20కి మారితే మళ్ళీ 19లో తెరుచుకోదు, అందుకని నాలుగు పెళ్ళిళ్ళ ప్రాజెక్టులూ బ్యాకప్ తీసుకున్నాకే ఇన్‌స్టాల్ కొట్టా.

రాత్రి పదకొండున్నరకి మళ్ళీ స్పేస్ బార్. బియ్యం గింజలు జలజలా రాలాయి. 50కి 50. డీకోడ్ గ్రాఫ్ సున్నా మీంచి లేచి 40 శాతం దగ్గర నిలబడింది, ప్రాసెసర్ 20 లోపు. సన్నాయి, ఆయన బుగ్గలు కలిసాయి. పక్క గదిలోంచి "ఏంటి, ఇంతసేపూ అదే పాట వేస్తున్నారు" అని మా ఆవిడ అడిగే దాకా అదే క్లిప్ తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నా.

డిసెంబర్ 7, ఆదివారం

పొద్దున్న ఇంకొంచెం కసిగా చూసా. రెండు కెమెరాలు ఒకేసారి పెడితే ఇబ్బంది లేదు. మూడు కెమెరాల మల్టీక్యామ్‌లో అక్కడక్కడా ఫ్రేములు వదిలేస్తోంది. ఈ కార్డులో డీకోడర్ ఒకటే, ఇలాంటివి రెండు కావాలంటే 5080 దాకా వెళ్ళాలి, అది మన పెళ్ళిళ్ళ బడ్జెట్ కాదు. అయితే నా అనుమానం డీకోడర్ మీద కన్నా హార్డ్ డిస్క్ మీద, మూడు క్లిప్పులూ అదే డిస్కులో మూడు మూలల ఉన్నాయి, ముల్లు అటూ ఇటూ పరిగెడుతున్న శబ్దం వినపడుతోంది. ఒక క్లిప్ ఎస్ఎస్‌డీలోకి కాపీ చేసి చూస్తే వదిలేసే ఫ్రేములు సగానికి సగం తగ్గాయి.

5700ఎక్స్ విషయంలో తొందరపడ్డానని ఒప్పుకోవాలి. కార్డే ముందు వచ్చి ఉంటే 3600తోనే ఈ క్లిప్ 50కి ఆడేది, ఆ పదిహేను వేలు ఎస్ఎస్‌డీకి పోయేవి. ఎగుమతి టైమ్‌లో టైటిల్స్ దగ్గర మాత్రం కొంచెం తేడా కనపడుతోంది.

మధ్యాహ్నం మేనల్లుడు వచ్చాడు, 3600 కోసం. పిన్నులు చూసి "మావయ్యా, ఇది ఏంటి ఇలా ఉంది" అన్నాడు. 0.5 లెడ్ పెన్సిల్లోంచి లెడ్ తీసేసి, ఆ ఖాళీ ఇనప మొన వాలిపోయిన పిన్ను మీద టోపీలా తొడిగి మెల్లగా నిలబెట్టాలి. మొదటి రెండూ వచ్చేసాయి. మూడోది మూలది, దాని దగ్గరకి వచ్చేసరికి చెయ్యి వణికి పెన్సిల్ వాడి చేతికే ఇచ్చా. వాడు నాలుక బయటపెట్టి, ఒక కన్ను మూసుకుని, మూడు నిమిషాలకి నిలబెట్టాడు. పక్కనుంచి పాత విజిటింగ్ కార్డు వరసల మధ్య జరిపితే ఎక్కడా తట్టకుండా ఇటునుంచి అటు వచ్చేసింది. 1660 సూపర్ కూడా న్యూస్ పేపర్‌లో చుట్టి ఇచ్చా. వాడి ఫ్రెండ్ దగ్గర బోర్డు ఉందట, భీమవరం వెళ్ళాక బూట్ అయిందో లేదో చెప్తానన్నాడు, రాత్రి తొమ్మిదికి ఇంకా ఫోన్ రాలేదు.